పైడమ్మ రానందని చెప్పాను

పంతొమ్మిది వందల అరవై రెండు, శ్రావణంలో రెండో మంగళవారం, పొద్దున్న ఆరు గంటలకు ఫ్యాక్టరీ కూత వేస్తుండగా నేనొక అబద్ధమాడాను. అప్పటినుంచి అది నా గుండెల మీద కూర్చునే ఉంది. ఇంకొకరిచేత రాయించే సంగతి కాదిది. ముసలితనంలో మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను కాబట్టి ఇప్పుడు ఇది చదివే నీకు, ఎవరివైనా సరే, రాయగలుగుతున్నాను.

భిలాయిలో అప్పుడు మా మగవాళ్ళు ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీలు. పర్మనెంటు వాళ్ళకున్నట్టు మాకు ఆసుపత్రి కార్డు లేదు. పిల్లలకి జబ్బు చేస్తే ఎవరిని పట్టుకోవాలి? అందుకని మా వరస ఇళ్ళ ఆడవాళ్ళం ఒక కట్టుబాటు చేసుకున్నాం. ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసిపెట్టి, మంగళవారం మా ఇంటి కుండలో పొయ్యాలి. ఏ బిడ్డకి బాగోకపోయినా ఆ బియ్యం అమ్మి రిక్షాకీ డాక్టరుకీ ఇవ్వాలి. చేరినవాళ్ళకే. కుండ నా చేతిలో ఉండేది. అందుకు నన్ను ఇప్పటికీ ధర్మాత్మురాలంటారు. వింటుంటే ఒళ్ళు మండుతుంది.

పైడమ్మ మా తర్వాత వచ్చింది, పాలకొండ వైపు మనిషి. కొళాయి దగ్గర నేను ఒంటరిగా ఉన్నప్పుడు, తననీ చేర్చుకోమని అడిగింది. ఆమె కొడుకు అప్పన్న ఎప్పుడూ నలతగానే ఉండేవాడు. వీణ్ణి చేర్చుకుంటే కుండంతా వీడికే పోతుంది, రేపు నా పిల్లలకి ఏం మిగులుతుంది అనుకున్నాను. తర్వాత చూద్దామన్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏ బిడ్డకి ఎక్కువ అవసరమో ఆ బిడ్డనే బయట నిలబెట్టడానికా మేం కుండ పెట్టుకున్నది? ఈ ప్రశ్న అప్పుడు నాకు రాలేదా? వచ్చింది. తోసేశాను.

ఆ మంగళవారం అప్పన్నకి వాంతులు, విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. పైడమ్మ వాణ్ణి ఎత్తుకుని నా గుమ్మంలోకి వచ్చింది. బియ్యం పొయ్యడానికి వచ్చినవాళ్ళు ముందు జాలిపడ్డారు, కుండ దించమనే అన్నారు. ఇంతకీ ఈవిడ ఎందుకు చేరలేదని వాళ్ళలో గౌరమ్మ నన్నడిగింది. నిజం చెబితే నా మొహాన ఉమ్మేస్తారు. పిలిచాను, రానంది అన్నాను.

పైడమ్మ నావైపు చూసింది. "నాను రానన్నానా అప్పా?"

"మరిసిపోనావేటి? కొళాయికాడ పిలిస్తే మొకం తిప్పీసినావు గదా."

"పిడికెడు ఎయ్యడానికి సెయ్యి రానేదు గాని, కుండ దించడానికి మాత్రం వచ్చీసినాది," అంది గౌరమ్మ.

కుండ దిగలేదు. వాదించడానికి పైడమ్మకు తీరిక లేదు. బిడ్డని భుజాన వేసుకుని ఆసుపత్రికని దుర్గ్ రోడ్డు పట్టి నడిచింది. దారిలోనే బిడ్డ పోయాడు.

పిడికెడు బియ్యం దగ్గర పిసినారితనం చేసి కొడుకుని పోగొట్టుకుందని వరసంతా అన్నారు. నేను వింటూ ఊరుకున్నాను. నెల తిరక్కుండా వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. రిక్షా ఎక్కించి ఉంటే బతికేవాడా? తెలియదు. ఆ తెలియకపోవడం వెనకాలే ఇన్నేళ్ళూ దాక్కున్నాను, కానీ బిడ్డ పోయిన తల్లికి ఆ పేరు కూడా అంటగట్టింది నేనేనని మాత్రం తెలుసు కదా. క్షమించమని నిన్ను అడగను. అది నీ చేతిలో లేదు. రాశాను, ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.

ఆ పొద్దున్న నా గుమ్మంలో ఉన్నవాళ్ళు గౌరమ్మ, ఆమె కోడలు సత్తెమ్మ, పక్కనున్న చరోదా నుంచి మా వరసకి వచ్చిన మేరీ. వీళ్ళకి నిజం తెలియదు. పైడమ్మకి తెలుసు. ఆమె భుజం మీద అప్పన్న, మూడేళ్ళవాడు. కుండకి అడ్డంగా నేను.