అన్నకు నా కడుపులోని క్రిములు ఇవ్వడానికి సూరత్ వెళ్లొచ్చాను

సూరత్‌లో మరమగ్గం నడిపే మా అన్న శంకర్ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కు బలమైన యాంటీబయాటిక్స్ వాడాడు. దగ్గు తగ్గింది కానీ విరేచనాలు పట్టుకున్నాయి. మందు వేసుకుంటే ఆగేవి, మానగానే మొదలయ్యేవి. మనిషి సగమయ్యాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలంలోని మంచి సూక్ష్మజీవులను అతని పేగుల్లోకి ఎక్కిద్దామని డాక్టరు అన్నారట. వదిన పద్మ ఈమధ్యే యాంటీబయాటిక్స్ వాడింది కాబట్టి పనికిరాదు. ఆమె ఫోన్‌లో అడగలేక అడుగుతుంటే, "నేనొస్తున్న వదినా" అన్నాను.

సాయంత్రం వరంగల్‌లో అహ్మదాబాద్ వెళ్లే రైలెక్కితే మర్నాడు మధ్యాహ్నానికి సూరత్. స్లీపర్ టికెట్ ఐదారు వందలు. స్టేషన్ నుంచి అన్న ఉండే సలాబత్‌పురాకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్‌ది జగిత్యాల వైపు.

"ఏం పని మీదొచ్చినవ్ అక్కా?"

"అన్నకు పాణం బాగలేదు. నా ఒంట్లకెళ్లి ఒకటి ఇయ్యనీకి వచ్చిన."

"కిడ్నీయా?"

అసలు సంగతి చెప్పాను. ఆటో నెమ్మది చేసి అద్దంలో నన్ను చూశాడు. "గిట్ల గూడ బాగైతదా?" అన్నాడు.

"అయితదంటున్రు."

ఇంట్లో అన్న నా ముఖంలోకి చూడలేకపోయాడు. "చెల్లె, గీ పని నీతోని జేపిచ్చుకునుడు సిగ్గైతుంది."

"రక్తమిస్తే తీస్కోవా?"

"రక్తం వేరే."

"నీ పాణానికి రెండూ ఒక్కటే అన్నా."

గోడవైపు తిరిగాడు కానీ వద్దనలేదు.

మర్నాడు ఆసుపత్రిలో నాకు రక్తపరీక్షలు, మలపరీక్షలు చేశారు. ప్రోబయాటిక్ గోలీలు, మజ్జిగ సరిపోవా అని వదిన అడిగింది. డాక్టరమ్మ హిందీలో ఓపిగ్గా చెప్పింది. వాటిలో ఉండేవి కొన్ని రకాలే. ఆరోగ్యమైన పేగుల్లో వందల రకాలు కలిసి బతుకుతూ చెడ్డవాటికి చోటివ్వవు. అన్న కడుపులో మందులు వాటిని తుడిచిపెట్టాయి. "ఈ జబ్బులో చాలామంది ఇలా కోలుకుంటారు, కానీ మాట ఇవ్వలేను" అంది.

ఫలితాలు వచ్చేదాకా బయటి తిండి వద్దన్నారు. శనగపప్పు రుబ్బి ఆవిరిపై ఉడికించే లోచో ప్రతి సందులోనూ పొగలు కక్కుతుంటే వాసన చూసి సరిపెట్టుకున్నాను.

తీరా ఇవ్వాల్సిన రోజు పొద్దున నాకు రాలేదు. భయంతో కడుపు బిగుసుకుపోయింది. వరండాలో తిరుగుతుంటే వదిన వేడినీళ్లు తెచ్చింది. "మా పెండ్లిల మీ అన్నకోసం గూడ నేను గింత ఎదురు సూడలే పిల్లా" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ నవ్వుతోనే పనయింది.

దాన్ని శుద్ధి చేసి గొట్టం ద్వారా అన్న పెద్దపేగులోకి పంపారు. ఆ రాత్రి మళ్లీ విరేచనమైంది. వదిన ముఖం వాడిపోయింది. తర్వాత ఒక్కో రోజూ తగ్గుతూ వచ్చాయి. ఒక మధ్యాహ్నం అన్న మంచం మీంచి పిలిచాడు: "పద్మా, ఆకలైతుందే!" వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నన్ను రైలెక్కించడానికి తనే వచ్చాడు. "గీ ముచ్చట రాస్తవా చెల్లె?" అని అడిగాడు.

"నువ్వొద్దంటే రాయ."

"రాయి. నాలెక్క సిగ్గువడేటోళ్లు సదువుతరు."

కడుపులో ఇంత లోకాన్ని మోస్తున్నానని నాకు ఇన్నాళ్లూ తెలియదు. అది ఇంకొకరికి అన్నం సయించేలా చేయగలదని అసలే తెలియదు. మీకు ఇలాంటి పిలుపొస్తే, పరీక్షల ఫలితాల కోసం చేతిలో ఒక వారం పెట్టుకుని బయల్దేరండి, గత కొన్ని నెలల్లో యాంటీబయాటిక్ వాడితే ముందే చెప్పండి. ఇంట్లో మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికే వెళ్లండి.