దర్జీ విప్పలేని వేషం

ఆ వీధికంతటికీ దర్జీ ఆయనొక్కడే. ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటులేని షాపు, కాలితో తొక్కే పాత మిషను. ఎంత వంకర ఒంటికైనా అతికినట్టు కుడతాడని పేరు. ఆ పేరుతో తృప్తిపడి ఊరుకుని ఉంటే ఈ గొడవే లేకపోను. కానీ మనిషికి నాటకాల పిచ్చి.

హెచ్‌ఐవి గురించి జనానికి తెలియజెప్పడానికి ఆరోగ్య కేంద్రం వాళ్లు వీధి నాటకం తలపెట్టారు. డాక్టరు వేషానికి నలుగురు పోటీపడ్డారు. రోగి వేషానికి ఒక్కడూ ముందుకు రాలేదు. "నేను వేస్తా" అన్నాడు దర్జీ. పోయే కంపను ఒంటికి తగిలించుకోవడమంటే ఇదే.

నాటకం చివర ఆయన జనం మధ్యకు వచ్చి నిలబడేవాడు. "నాకు హెచ్‌ఐవి ఉంది. రోజూ మందు వేసుకుంటున్నాను, మీలాగే బతుకుతున్నాను. నన్ను ముట్టుకుంటే రాదు, నాతో కలిసి తింటే రాదు. అనుమానముంటే వెళ్లి పరీక్ష చేయించుకోండి" అనేవాడు. గొంతు వణికేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. అంత బాగా వేషం కట్టడమే ఆయన చేసిన తప్పు. డాక్టరు వేషం వేసినవాణ్ణి డాక్టరని ఒక్కరూ నమ్మలేదు గానీ, దర్జీకి మాత్రం అందరూ కలిసి జబ్బు ఖాయం చేసేశారు. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు.

గుండీ కుట్టాక దారాన్ని పంటితో కొరికి తెంచడం ఆయన అలవాటు. ఒకావిడ అది చూసి, కుట్టించిన చొక్కా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొలతకు టేపు తీస్తే చాలు, జనం వెనక్కి జరిగేవాళ్లు. కొందరు పాత బట్టలు పంపి "ఇదే కొలత" అన్నారు. చివరికి అవీ ఆగిపోయాయి. నాటకానికి చప్పట్లు కొట్టింది ఈ జనం చేతులే మరి! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

"ఏమండీ, నాటకానికి ముందు మీకందరికీ పరీక్ష చేశారుగా. ఏమీ లేదని కాగితం ఇచ్చారుగా. అది షాపు అద్దానికి అంటించండి, నోళ్లు మూతపడతాయి" అంది భార్య.

"అంటిస్తే, నేను ఆ జబ్బున్న వాళ్లలో ఒకణ్ణి కాను, వాళ్లకు దూరంగా ఉండండి అని చెప్పినట్టే. నాటకంలో అన్నదంతా నేనే తుడిచేసినట్టు."

"నాటకం కూడు పెడుతుందా?"

కాగితం అంటించకపోవడానికి భార్యకు చెప్పని కారణం మరొకటి ఉంది.

నాటకం చూసిన ఒక వ్యాను డ్రైవరు, ప్యాంటు పొట్టి చేయించుకునే వంకతో షాపుకొచ్చాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "అన్నా, నాక్కూడా ఉంది" అన్నాడు. ఇంట్లో తల్లికి తెలియదట. మందులు తెచ్చుకున్నాడట గానీ, ఎక్కడ బయటపడుతుందోనని మానేశాడట. "నువ్వు అంతమందిలో చెప్పుకున్నావు. నిన్ను చూశాకే నాకూ బతకాలనిపించింది" అన్నాడు.

ఆ మాట విన్నాక, అది ఉత్త వేషంరా అనడానికి దర్జీకి నోరు రాలేదు. "వేసుకో తమ్ముడూ, నేనూ వేసుకుంటున్నాగా" అని నోరు జారాడు.

అంతే, ఇరుక్కున్నాడు. డ్రైవరు రోజూ సాయంత్రం మాత్ర జేబులో పెట్టుకుని వచ్చేవాడు. "కానివ్వన్నా, నీదీ తియ్యి" అనేవాడు. దర్జీ బలానికి వేసుకునే మాత్రలు కొని, డబ్బా మీది పేరు చింపేసి, అందులోంచి ఒకటి నోట్లో వేసుకునేవాడు. కొన్నాళ్లకు డ్రైవరు ఒళ్లు చేశాడు, మొహంలో కళ వచ్చింది. నిజం చెబితే వాడు మందు మానేస్తాడేమో. చెప్పకపోతే షాపు మూతపడుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఒకరోజు షాపు యజమాని వచ్చి, లోపలికి అడుగుపెట్టకుండానే, ఖాళీ చెయ్యమన్నాడు. భార్య ఇక అడగలేదు. కాగితం తెచ్చి తానే అద్దానికి అంటించింది. చింపాలంటే ఆయన చింపవచ్చు. చింపలేదు. పైగా హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం డ్రైవరు వచ్చి, కాగితం ముందు ఆగి చదివాడు. దర్జీ తిట్లు తినడానికి సిద్ధపడి లేచి నిలబడ్డాడు. డ్రైవరు లోపలికొచ్చి ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

"తగ్గిపోయిందా అన్నా! మాత్రలతోటే పూర్తిగా పోయిందా! చెప్పవేం మరి? నాకింకా ఎన్నాళ్లు పడుతుంది?"

ఔనంటే, కాస్త ఒంట్లో బాగుండగానే తనకూ తగ్గిందనుకుని వీడు మందు ఆపేస్తాడు. ఆపితే ఏమవుతుందో నాటకంలో ఊరంతటికీ చెప్పింది తనే.

"తగ్గలేదురా. అది పూర్తిగా పోయేది కాదు. మందు బతికినన్నాళ్లూ వేసుకోవాలి."

"మరి ఈ కాగితం?"

"నాకు ఎప్పుడూ లేదు."

డ్రైవరు చేతులు తీసేశాడు. "రోజూ నాతోపాటు వేసుకున్నావు కదన్నా?"

"అవి బలానికి."

"అయితే ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే మింగానన్నమాట" అని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

షాపు మళ్లీ కళకళలాడింది. "నీకేం లేదని మాకు ముందే తెలుసులే" అన్నారు సిగ్గులేని జనం. దర్జీ నవ్వి వాళ్ల మెడ చుట్టూ టేపు వేసేవాడు. సాయంత్రమైతే చేతులు పనిలో ఉన్నా కళ్లు వీధిలోనే ఉండేవి. నెలలు గడిచినా డ్రైవరు రాలేదు. మందు వేసుకుంటున్నాడో, మానేశాడో! అడుగుదామంటే ఎవరినీ అడగడానికి లేదు, అడిగితే వాడి గుట్టు బయటపడుతుంది. ఆ దిగులుతో అన్నం సయించక, చివరికి వాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

తలుపు తల్లి తీసింది. వెనక గదిలో డ్రైవరు గోడకు చేరగిలబడి ఉన్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. మానేశాడని చూడగానే తెలిసిపోయింది. తల్లి ఎదుట ఆ మాట ఎలా ఎత్తడం?

"మీవాడు ఈమధ్య షాపు వైపు రావడం లేదు, ఎలా ఉన్నాడో చూసిపోదామని..." అని నసిగాడు.

ఆమె ఆయన్ని పరకాయించి చూసింది. "నాటకంలో ఆ జబ్బు మనిషివి నువ్వే కదూ? నీకేం లేదట కదా నాయనా, షాపులో కాగితం పెట్టావట. మంచిపని చేశావు. లేకపోతే నిన్ను గుమ్మం ఎక్కనిచ్చేదాన్నా? అలాంటివాళ్ల గాలి కూడా మా ఇంటికి సోకకూడదు. రా, లోపలికి రా, కూర్చో."

దర్జీ కాలు ముందుకూ పడలేదు, వెనక్కీ పడలేదు. డ్రైవరు తలెత్తి ఆయనకేసి చూశాడు.

"రా అన్నా" అన్నాడు. "నువ్వు రావచ్చు. అమ్మ చెప్పిందిగా."