చేంజోవర్ స్విచ్ బిగించిన మా అక్క

నేను అక్కా అని పిలిచే మా పెద్ద తోటికోడలు పోయిందన్న కబురు నాకు మా బిడ్డ ఏడుపుతో తెలిసింది. దవాఖాన నుంచి ఫోన్ దానికే ముందు వచ్చింది. గోడకు ఆనుకుని, ‘పెద్దమ్మా’ అంటూ గుండెలు బాదుకుంటున్న బిడ్డను చూస్తే నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. నేను పోతే ఇది ఇంతగా ఏడుస్తుందా అన్న ఆలోచన.

అన్నదమ్ములు బావగారూ, మా ఆయనా నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో జనరేటర్ల షాపు పెట్టుకున్నారు. బావగారి నడుము పడిపోయాక అక్క పనిలోకి దిగింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, రబ్బరు చెప్పులేసుకుని, అపార్ట్‌మెంట్లలో చేంజోవర్ స్విచ్‌లు బిగించేది. మీలో చాలామంది మెట్ల కింద ఆ ఇనుప డబ్బా చూసే ఉంటారు. మీట పైకంటే సర్కారు కరెంటు, కిందికంటే జనరేటర్. రెండూ ఎప్పటికీ కలవకుండా చూడడమే దాని పని.

కౌంటర్‌లో కూర్చున్నది నేను. ఫోనెత్తగానే అందరూ అడిగేది మాత్రం ఆమెనే. చివరికి మా ఆయన కూడా, ఏ సందేహం వచ్చినా “వదిననడుగుదాం” అనేవాడు. ఆమె కొడుకులిద్దరికీ ఆ పని పట్టుబడలేదు, నా బిడ్డకు పట్టుబడింది. డబ్బా తెరిచే ముందు అక్క గాజులు తీసి దాని చేతికి తొడిగేది. పని అయ్యేదాకా అవి నా బిడ్డ చేతికే ఉండేవి. ఆ గలగల వింటే నాకు ఒళ్లు మండేది.

సైదాబాద్‌లో చుట్టాలింట్లో నిశ్చితార్థమైన సాయంత్రం నాకు బాగా గుర్తు. వానకు కరెంటు పోయింది. ఎవరో జనరేటర్ తెచ్చి వైరును నేరుగా ఇంటి బోర్డుకు కలిపారు. లైట్లు వెలిగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం బయటికెళ్లి జనరేటర్ ఆపేసింది. ఇల్లంతా చీకటి.

“ఏందమ్మా గిట్ల చేస్తివి? పిల్లగానోళ్లు లేచిపోతున్నరు!” ఇంటాయన అరిచాడు.

“మెయిన్ ఆపకుంట జనరేటర్ పెడితే కరెంటు ఎనక్కి మర్లి స్తంభం దాక పోతదన్నా. గల్లీ మూలకు లైన్‌మన్ ఎక్కిండు, చూస్తలేవా?”

చెప్పులు వేసుకుంటూ పెళ్లికొడుకు వాళ్లన్నయ్య, ఇక ఈ సంబంధమే వద్దన్నాడు. అక్క వాకిట్లో అడ్డంగా నిలబడింది.

“మీరు పోతే రేపన్న మళ్ల ఒస్తరు. స్తంభం మీదున్నోడు పోతే రాడు బిడ్డా.”

ఆ మాటకు అందరూ చల్లబడ్డారు. అక్క మెయిన్ ఆపింది. బోర్డుకు కలిపిన వైరును విప్పుతుంటే మా బిడ్డ ఫోన్ లైటు పట్టుకుని పక్కన నిలబడింది. కొత్త పట్టుచీర కట్టుకున్న నన్ను ఎవరూ చూడలేదు. లైన్‌మన్ లైను సరిచేసి దిగి వచ్చాక అక్క మళ్లీ మెయిన్ వేసి, అతన్ని పెళ్లివారి వరుసలో కూర్చోబెట్టి తానే వడ్డించింది. ఆ పెళ్లి జరిగింది. ఇప్పటికీ ఆ ఇంట్లో అక్క మాటే చెప్పుకుంటారు.

నా బాలింతతనంలో నాకు పథ్యం వండిపెట్టింది కూడా ఆమే. “నువ్వు పండుకో చెల్లె, నేనున్న కద” అంటూ బిడ్డను ఎత్తుకుని వెళ్లేది. ఆ మేలు మరిచిపోలేదు. కాని అక్కడినుంచే బిడ్డ ఆమెదైపోయిందేమో అనిపించేది.

కర్మకాండలయ్యాక వనస్థలిపురం అపార్ట్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చింది, స్విచ్ పట్టేసిందని. మా ఆయన ఊళ్లో లేడు. బిడ్డ బయల్దేరింది, నేనూ వెంట వెళ్లాను. అది ఒక్కతే డబ్బా విప్పి బాగుచేసింది. అంతస్తులన్నీ వెలిగాయి.

కింది వాటాలో ఉండే గుంటూరు పెద్దావిడ రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. ఒకటి బిడ్డకిచ్చి, నా మీదుగా చూస్తూ మెట్ల వైపు వెతికింది.

“మీ అమ్మగారు రాలేదేంటమ్మా? ఎప్పుడూ ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లుగా?”

బిడ్డ తన గ్లాసు మెట్టు మీద పెట్టింది. తర్వాత నా భుజం పట్టుకుంది.

“మా అమ్మ గీమెనే. ఆమె మా పెద్దమ్మ. పోయింది.”

ఆవిడ ‘అయ్యో’ అంటూ రెండో గ్లాసు నా చేతిలో పెట్టింది. చక్కెర లేని చాయ్, అక్క తాగే చాయ్. అది చల్లారేదాకా పట్టుకుని ఆ మెట్ల మీదే కూర్చున్నాను.