పిన్ని వంక పెట్టని ఎక్స్‌టెన్షన్

మా పిన్ని ఒకసారి వానని వెనక్కి పంపించేసింది. మీరు నమ్మరని తెలుసు. మబ్బులు కమ్ముకొచ్చాయి, నాలుగు చినుకులు పడ్డాయి, పిన్ని గుమ్మంలో నిలబడి ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చేతిలో కొత్త గొడుగుతో పైకి చూసి "అంతా బానే ఉంది గానీ..." అంది. అంతే. మబ్బులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని, సర్దుకుని, పక్క ఊరికి వెళ్ళిపోయాయి. నేను కళ్ళారా చూశాను. చూడనివి కూడా కళ్ళారా చూసినట్టే చెబుతానని బంధువుల్లో నాకో పేరుంది. అది వేరే సంగతి.

వంక పెట్టడంలో మా పిన్నిని మించినవాళ్ళు లేరు. ఆవిడ షాపులోకి అడుగు పెడితే సేల్స్ వాళ్ళందరికీ ఒకేసారి టీ గుర్తొస్తుంది. కుర్చీ కొనాలంటే ముందు కూర్చుంటుంది, అక్కడ వంక దొరక్కపోతే లేస్తుంది, లేవడంలో తప్పకుండా దొరుకుతుంది. బాబాయిని మొదటిసారి చూసినప్పుడు కూడా "అంతా బానే ఉంది గానీ" అందట. ఆ 'గానీ' తర్వాత ఏముందో ఇప్పటికీ చెప్పలేదు. పాపం, అది తెలుసుకోవడానికే ఆయన పెళ్ళి చేసుకున్నాడని నా అనుమానం.

డిగ్రీ మధ్యలో వదిలేసిన నన్ను తను పనిచేసే ఆఫీసులో చేర్పించింది కూడా ఆవిడే. ఓనరుకి పరిచయం చేస్తూ "కుర్రాడు అంతా బానే ఉన్నాడు గానీ, దేన్నీ చివరిదాకా చదవడు" అంది. అందులో మొదటి ముక్క మా ఇంట్లో నా గురించి ఎవరూ అనగా వినలేదు కాబట్టి రెండోదాన్ని క్షమించేశాను.

తాళాలు బాగుచేసే షాపు పైన మా ఆఫీసు. కిటికీ దగ్గర నాలుగు కంప్యూటర్లు, మూల ఒక కాఫీ మిషను, అద్దాల గదిలో ఓనరు. వ్యాపారస్తుల వెబ్‌సైట్లు పరాయి దేశాల వాళ్ళకి ఎలా కనబడుతున్నాయో చూసి, ఫొటో తీసి, తప్పులుంటే చెప్పడం మా పని. దానికి ప్రాక్సీ కావాలి. ప్రాక్సీ అంటే మరేం లేదు, మన కుర్చీలోనే కూర్చుని ఇంకో దేశపు కిటికీలోంచి తొంగిచూడడం. ఈ విషయంలో ఆఫీసులో నాకున్నంత అనుభవం ఎవరికీ లేదు. కాలేజీలో నా హాజరంతా ప్రాక్సీల మీదే నడిచింది.

దేశం మారాలనుకున్న ప్రతిసారీ కంప్యూటరు సెట్టింగుల్లోకి వెళ్ళి, బారెడు అంకెలు కొట్టి, పనయ్యాక మళ్ళీ తీసెయ్యాలి. తీయడం మర్చిపోతే అక్కడే ఉండిపోతాం. నేనలాగే ఓసారి బ్రెజిల్లో ఉండిపోయి, భోజనాల వేళ సొంతానికి బూట్లు బుక్ చేశాను. అవి ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఈలోగా ఒక పెద్ద చెప్పుల కంపెనీ వాళ్ళు పని ఇస్తామన్నారు. శుక్రవారం వచ్చి మా పద్ధతి చూసి నిర్ణయిస్తారట. ఓనరు అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు.

"ఈ అంకెలు కొట్టే యాతన చూస్తే వాళ్ళు మెట్లు దిగేస్తారు. బ్రౌజర్లో పెట్టుకునే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి కదా, మూలన బొమ్మ నొక్కితే దేశం మారిపోతుంది. మేడం, మంచిదొకటి మీరు చూసి పెట్టండి."

మా పిన్నిని ఎంచమనడమంటే, సముద్రాన్ని వడగట్టమనడమే.

పిన్ని మొదటిదాన్ని తెరిచింది. "అంతా బానే ఉంది గానీ, మనం చూసే ప్రతి పేజీలో ప్రతి అక్షరం తనకి చూపించాలట. కిటికీ తెరవమంటే బీరువా తాళాలు అడుగుతోందేంటి ఇది?" తీసేసింది.

రెండోది నొక్కినప్పుడల్లా తన గొప్పలు తనే చెప్పుకుంటూ కొత్త పేజీ తెరుస్తుంది. "అంతా బానే ఉంది గానీ, ఇలాంటివాణ్ణి ఒకణ్ణి ఆల్రెడీ మోస్తున్నాను" అని నా వైపు చూసింది. అదీ పోయింది.

మూడోది మన సొంత పేజీల్ని కూడా పరాయి దేశానికి ఈడ్చుకుపోయింది. బాబాయి ఖాతా చూసుకునేది పిన్నే. బ్యాంకు, ఆవిడ విదేశాలకి పారిపోయిందనుకుని ఖాతా ఆపేసింది.

ఇక లాభం లేదని నేను రంగంలోకి దిగాను. అందరూ నక్షత్రాలు కుమ్మరించినదొకటి పట్టుకొచ్చి అందరి కంప్యూటర్లలో పెట్టేశాను. అద్దంలా ఉంది. దేశం ఎంచుకుని, పైన గుండ్రటి చుక్క నొక్కడమే. చుక్క ఆకుపచ్చగా మారితే పరాయి దేశంలో ఉన్నట్టు, ఎర్రగా ఉంటే మన ఊళ్ళోనే ఉన్నట్టు. ఓనరు నా భుజం తట్టాడు. ఆ భుజం రెండు రోజులు కడుక్కోలేదు.

ఇక్కడ సైలెంటన్న గురించి చెప్పాలి. నా పక్క కుర్చీ ఆయనది. ఇద్దరు పిల్లల తండ్రి, ఆఫీసులో అందరికంటే పాత మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడతాడు, వాటిలో సగం "ఊఁ". మర్యాదస్తుడు. కాఫీ మిషను దగ్గర ఎప్పుడూ "ముందు మీరు" అని పక్కకి తప్పుకుంటాడు. ఎర్ర లైటుంటే నీళ్ళు కాగుతున్నట్టు, పచ్చ లైటొస్తే కాఫీ సిద్ధమైనట్టు. ఎవరైనా పట్టుకున్నాకే తను పట్టుకుంటాడు. ఆ మిషనుకి కూడా మా పిన్ని వంక పెట్టింది. "అంతా బానే ఉంది గానీ, మాట రాదు దీనికి" అని, ఒక లైటు కింద 'ఆగు', ఇంకోదాని కింద 'పట్టుకో' అని కాగితాలు అంటించింది. మేమంతా పడీ పడీ నవ్వాం.

సైలెంటన్న పని నిదానం, కానీ అంకెలు కొట్టిన రోజుల్లో ఆయన తప్పు చెయ్యగా ఎవరూ చూడలేదు. అలాంటిది నా ఎక్స్‌టెన్షన్ వచ్చిన దగ్గర్నుంచి తప్పే తప్పు. జపాన్ పేజీ అని పంపిస్తాడు, తీరా చూస్తే మన ఊరిదే. పేజీ చూస్తే తెలియదా అంటారేమో. అన్ని దేశాల పేజీలూ కవల పిల్లల్లా ఉంటాయి, ఏ మూలో ఒక ధర మారుతుంది.

గురువారం ఓనరు ఆయన కుర్చీ దగ్గరే నిలబడ్డాడు.

"మనవాడు అంత పెద్ద చుక్క పెట్టాడు కదండీ, కనబడట్లేదా?"

"ఊఁ... చూసుకుంటానండి."

"రేపు వాళ్ళ ముందు ఇలాంటిది ఒక్కటి జరిగినా, వచ్చే నెల నుంచి మీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఏమనుకోకండి."

సైలెంటన్న ఆ పేజీని మళ్ళీ మొదట్నుంచీ తెరిచాడు. పిన్ని తన కుర్చీలోంచి లేచి వచ్చి, ఆయన కంప్యూటరు మీదకి వంగి, ఆ చుక్కకేసి చాలాసేపు చూసింది. మబ్బులకేసి కూడా ఇలాగే చూసింది.

"అంతా బానే ఉంది గానీ" అంది, "రంగు తప్ప ఇంకేం చెప్పలేదా ఇది?"

"ఇంకేం చెప్పాలి పిన్నీ? పాట పాడాలా?"

"ఎక్కడున్నామో అక్షరాల్లో చెప్పాలి. తీసెయ్."

"మేడం!" ఓనరు నెత్తి పట్టుకున్నాడు. "రేపే వస్తున్నారు వాళ్ళు! ఆ చుక్కకేం రోగం?"

"రోగమేం లేదు సార్. నాకు నచ్చలేదు. వంకలు పెడతానని తెలిసే కదా నాకప్పగించారు?"

ఓనరు అద్దాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. జవాబు చెప్పినా మా పిన్ని దానికీ వంక పెట్టి ఉండేది.

సాయంత్రం అందరూ బ్యాగులు సర్దుకునే వేళకి పిన్నికి ఒకటి దొరికింది. నా జన్మలో అంత అనాకారి ఎక్స్‌టెన్షన్ని చూడలేదు. నక్షత్రాలు లేవు, సోకులు లేవు. కానీ ఒక్కో దేశానికి మనమే ఓ పొట్టిపేరు రాసుకోవచ్చు. ఎక్కడుంటే ఆ పేరు మూలన బొమ్మ మీద నల్లటి అక్షరాల్లో కనబడుతుంది. మన ఊళ్ళోనే ఉంటే 'ఇల్లు' అని చూపిస్తుంది. ఏయే పేజీలకి ప్రాక్సీ వాడాలో చెప్తే వాటి జోలికి తప్ప పోదు. పనికి కావలసినవాటికి మించి ఏ తాళాలూ అడగదు. పిన్ని అటు నొక్కింది, ఇటు నొక్కింది. మేం ఊపిరి బిగబట్టి 'గానీ' కోసం ఎదురు చూశాం.

"అంతా బానే ఉంది" అంది పిన్ని.

కాసేపు ఎవరికీ నమ్మకం కుదరలేదు. బాబాయికి ఫోన్ చేసి చెబితే, "నన్ను కూడా ఎప్పుడో ఒకప్పుడు అంటుందంటావా?" అన్నాడు.

శుక్రవారం చెప్పుల కంపెనీ ఆవిడ వచ్చింది. నాలుగు కంప్యూటర్లుండగా, నేను నవ్వు మొహంతో కుర్చీ లాగి చూపిస్తుండగా, ఆవిడ నేరుగా వెళ్ళి సైలెంటన్న పక్కన కూర్చుంది. ఓనరు మొహం గోడకి వేసిన సున్నంలా తయారైంది.

"మా పేజీ బ్రెజిల్లో ఎలా ఉందో చూపించండి" అంది ఆవిడ.

పేజీ తెరుచుకుంది. "బాగుందే" అందావిడ.

"ఆగండి" అన్నాడు సైలెంటన్న. మూలకి ఒక్క చూపు చూశాడు. "ఇది ఇంకా ఇల్లేనండి. బ్రెజిల్ రాలేదు." నొక్కాడు, అక్షరాలు మారాయి. "ఆఁ, ఇప్పుడొచ్చాం. చూడండి, ఇక్కడ మీ పిల్లల చెప్పులకి ధర ఉంది గానీ, సైజు లేదు. ఇక్కడ ఏ తల్లి కొంటుందండీ?"

ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినడం అదే మొదలు. కంపెనీ ఆవిడ పేజీకేసి చూసింది, ఆయనకేసి చూసింది, ఓనరు వైపు తిరిగి "మా పని ఈయనే చూడాలి" అంది. ఓనరు "ఆయన మా కుడి భుజమండీ" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా. గొప్పలు చెప్పడంలో నాకో పోటీ ఉన్నాడని అప్పుడే తెలిసింది.

తర్వాత కాఫీ మిషను దగ్గర సైలెంటన్న నన్ను ఆపాడు.

"తమ్ముడూ, మీ పిన్నిగారికి నేనెప్పుడూ చెప్పలేదు. ఎలా కనిపెట్టారో!"

"ఏం చెప్పలేదన్నా?"

"నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనబడతాయి. బొమ్మలు చూసే ఉద్యోగం కదా, తెలిస్తే తీసేస్తారేమోనని..." అని, 'పట్టుకో' అన్న కాగితం పైన లైటు వెలగ్గానే, నాకంటే ముందు కప్పు పెట్టి కాఫీ పట్టుకున్నాడు.

అప్పుడు గాని నా బుర్ర వెలగలేదు. పరుగున వెళ్ళి "పిన్నీ, సైలెంటన్న కోసమేనా ఇదంతా?" అన్నాను. "నాకు నచ్చలేదు, తీసేయించాను. పోయి పని చూసుకో" అంది. ఇప్పుడైతే సైలెంటన్నే అందరికీ చెప్పుకుంటున్నాడు, ఓనరుకి కూడా. ఇది రాయమన్నది కూడా ఆయనే. ఆయన మాటలు ఈ మధ్య రోజుకి వంద దాటుతున్నాయి, పక్క కుర్చీలో నా చెవులు చిల్లులు పడుతున్నాయి.

రాసింది పిన్నికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది. 'గానీ' కోసం నేను సిద్ధంగా నిలబడ్డాను. ఆవిడ మొదటి వాక్యం మీద వేలు పెట్టింది.

"వానని కాదురా నేను ఆ రోజు వెనక్కి పంపింది, మీ అమ్మకి కొన్న గొడుగుని, షాపుకి. దాని బటన్ మరీ గట్టిగా ఉంది, పాపం నొప్పుల వేళ్ళతో నొక్కలేకపోయింది."