దోమ ఉన్న చోటికి మందు

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను పొలం గట్టున డ్రోన్‌కి బ్యాటరీ మారుస్తున్నాను. నిద్రలోనే పోయిందట. నా డ్రోన్ ఇవాళ రైతుకు పనికొస్తోందంటే ఆవిడ వల్లే. అందుకే ఈ నాలుగు మాటలు.

అత్త స్టీల్ ప్లాంటులో ఇంజినీరుగా రిటైరయింది. కాలుతున్న ఉక్కు పలకల మీద నీళ్ళు జల్లి చల్లార్చే విభాగం ఆవిడది. రుఆబాంధా కాలనీలో వాళ్ళింటికి ఎవరెళ్ళినా బాగున్నారా అని అడగదు. "ఏటి కొత్త?" అంటుంది.

నేను డ్రోన్ పని మొదలెట్టిన ఏడు నా దగ్గరున్న కొత్త కబురు మంచిది కాదు. ఊరవతల, అక్కడివాళ్ళు దీదీ అని పిలిచే ఒక రైతమ్మ వరిచేనుకు డ్రోన్‌తో మందు కొట్టాను. అయినా పైరు రసం పీల్చే సుడిదోమ తగ్గలేదు. పైరు అక్కడక్కడా వలయాలుగా ఎండిపోతోంది. ఇంక డ్రోన్ వద్దని దీదీ తేల్చి చెప్పింది. ఇది వినగానే అత్త కుచ్చిళ్ళు ఎగదోపి బయల్దేరింది. తన మోకాలి నొప్పి సంగతి నన్ను ఎత్తనివ్వలేదు.

పొలంలో వంగి ఒక దుబ్బును విడదీసింది.

"దోమ ఎక్కడుందే?"

"దుబ్బు మొదట్లో, అత్తా."

"మరి నీ మందో?"

"ఆకుల మీద."

"సగం ఆకుల మీదుంది. మిగతా సగం గాలికి పక్క చేలోకి పోనాది."

ట్యాంకులో నీలిరంగు నీళ్ళు పోయించింది. దుబ్బుల మొదట్లో తెల్లకాగితం ముక్కలు కట్టించింది. డ్రోన్ తిరిగొచ్చాక చూస్తే కాగితాలు తెల్లగానే ఉన్నాయి. నేను డీలా పడ్డాను. ఆవిడకి మాత్రం హుషారొచ్చింది.

"బావుంది, తప్పెక్కడో తెలిసిపోనాది."

చినుకు కాస్త పెద్దగా పడేలా మందు చిమ్మే నాజిళ్ళు మార్పించింది. రెక్కల గాలే చినుకును కిందికి తోసేలా వాటిని సరిగ్గా రెక్కల కిందికి జరిపించింది. "పైకెగిరితే గొప్ప కాదే. కిందకి దిగి, నెమ్మదిగా పోవాల" అంది.

ఈసారి కాగితం విప్పితే నీలి చుక్కలు. పక్క దుబ్బులోనూ చుక్కలే, ఆ పక్కదానిలోనూ. బురదలో చెప్పులు వదిలేసి ఒక్కో కాగితం కోసం పోటీలు పడి పరిగెత్తాం. చదువులో ఏ మార్కులూ నాకంత సంతోషం ఇవ్వలేదు.

దీదీ ఒక్క మడికి ఒప్పుకుంది. కొద్ది రోజులకే ఆ మడి నీళ్ళ మీద చచ్చిన దోమ తెట్టుగా తేలింది. మిగతా చేనంతా ఆవిడే నాకు అప్పగించింది.

కోతల ముందు అత్తను మళ్ళీ తీసుకెళ్ళాను. దీదీ అత్త చెయ్యి పట్టుకుని చేలోకి నడిపించింది. గట్టు మీంచి చూస్తే బరువెక్కిన కంకుల మధ్య అత్త పసుపుచీర కొంగు ఒక్కటే కనిపిస్తోంది, ఆగుతూ, కదులుతూ, అవతలి గట్టుదాకా.