చదవకుండానే ఒప్పుకున్న మినిట్స్

1985 సెప్టెంబరు 8, ఆదివారం, పగలు పదీ ఇరవై. కుప్పానికి కొంచెం దూరంలో ఒక గ్రానైటు క్వారీ. ఇస్త్రీ చొక్కాలు, పాలిష్ పెట్టిన బూట్లు వేసుకొన్న ఐదుగురు ఆడిటర్లు రాతిపొడిలో ఒక దిమ్మె చుట్టూ తిరుగుతున్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆడిటర్ల సంఘం పుట్టినప్పటినుంచి హాలు బయట జరిగిన మొదటి మీటింగు అది. నేను ఆ సంఘానికి అటెండర్ని. పందొమ్మిదేళ్లు ఆ హాలు తలుపు తీశాను, కుర్చీలు వేశాను. ఆ మీటింగు క్వారీదాకా ఎలా పోయిందో చెబుతాను.

నాకు అక్షరాలు వచ్చింది ముప్పై నాలుగో ఏట, వయోజన విద్య తరగతిలో. అంతకుముందు ఆడిటరంటే ఏం చేస్తాడో కూడా నాకు తెలియదు. వ్యాపారి రాసిన లెక్క నిజమా కాదా చూసి, నిజమైతే సంతకం పెట్టేవాడు ఆడిటరు. కాగితం చూడనిదే, సరుకు కళ్లబడనిదే ఏదీ నమ్మడు. నమ్మకూడదు. ఆయన సంతకానికున్న విలువ అదొక్కటే.

సంఘం మీటింగు నెలకోసారి, రెండో ఆదివారం, మదనపల్లెలో. వరస ఎప్పుడూ మారదు. ప్రార్థన, స్వాగతం, మద్రాసు నుంచో బెంగుళూరు నుంచో వచ్చిన పెద్దమనిషికి దండ, ఆయన ఇంగ్లీషు ఉపన్యాసం, ఆఖర్న టైముంటే ప్రశ్నలు. అన్నిటికంటే ముందు మినిట్స్. అంటే పోయిన నెల ఏం జరిగిందో రాసిన పుస్తకం పైకి చదివి, అందరూ అవునని ఒప్పుకోవాలి. మావాళ్లు చదివేవాళ్లు కాదు. "చదివినట్టే అనుకుందామా?" అనేవారు ప్రెసిడెంటు రంగనాథంగారు. తలలు ఊగేవి. సంతకం పడేది.

ఆ ఏడు ఏప్రిల్లో సెక్రటరీ సుబ్బరాయుడుగారికి కంటి ఆపరేషను అయింది. "మూడు నాలుగు నెల్లు నువ్వే రాయి చిన్నప్పా. ఎవరొచ్చిరి, ఏం జరిగె, అంతే" అని పుస్తకం నా చేతిలో పెట్టారు. పాత పేజీలు తిప్పి చూశాను. ప్రతి నెలా "సభ జయప్రదముగా జరిగినది" అని ఉంది. కష్టపడి నేర్చుకున్న అక్షరాలతో ఆ మాట రాయబుద్ధి కాలేదు. చూసింది చూసినట్టు రాశాను.

కుప్పం నుంచి వచ్చే సభ్యుడు ఒక్కరే, గోవిందప్పగారు. సొంతూరు గుడుపల్లె, కుప్పంలో బోర్డు పెట్టి మూడేళ్లు. ఉపన్యాసం మధ్యలో ఆయన చెయ్యెత్తేవారు. "ఆఖర్న, ఆఖర్న" అనేవారు ప్రెసిడెంటు. ఆఖరు వచ్చేసరికి ఆయన ఒంటిగంట బస్సులో ఉండేవారు. అది తప్పితే పలమనేరులో దిగి ఇంకో బస్సు కోసం పడిగాపులు. జూలైలో బస్టాండుదాకా ఆయనతో నడిచాను.

"ఏం సార్, మూడు నెల్లుగా చెయ్యెత్తతాండారు, అడక్కుండానే పోతాండారు?"

"మీవోళ్లు అడగమనే టైముకు నేను పుంగనూరు దాటుంటానప్పా."

"అంత పెద్ద సందేహమా?"

"నాకు పెద్దదే. సెప్టెంబరు ఆఖరుకు ఒక క్వారీకి సంతకం పెట్టల్ల. తప్పు పెడితే నా లైసెన్సుకే ముప్పు. పెట్టకపోతే ఫైలు పోతాది, ఆ ఫైలు మీదే ఆఫీసు నడస్తాండాది. ఇది తేలకపోతే బోర్డు పీకేసి గుడుపల్లెలో చేను సూసుకుంటా."

నవ్వుతూ అన్నారు గాని బస్సెక్కాక కిటికీలోంచి నా వైపు చూడలేదు.

ఆగస్టు మీటింగుకు మద్రాసు పెద్దమనిషి రాలేదు. తెల్లారి టెలిగ్రాం వచ్చింది. దండ తెచ్చిపెట్టాం, మెడ లేదు. తొమ్మిది మంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. పుంగనూరు వెంకటరమణగారు హాస్యగాడు. "మినిట్సన్నా సదవమనండి సార్, అదొక్కటే మనం యానాడూ ఇన్లేదు" అన్నారు.

నేను నిలబడి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను.

"మే నెల. తొమ్మిది మంది వచ్చినారు. ఉపన్యాసం రెండు గంటల పది నిమిషాలు. పుంగనూరు వెంకటరమణ సార్ నిద్రపోయినారు. కుప్పం గోవిందప్ప సార్ చెయ్యెత్తినారు. ఆఖర్న అన్నారు. ఒంటిగంట బస్సుకు ఆయన పోయినారు. ప్రశ్నలు అడగమన్నారు. ఎవరూ అడగలేదు."

హాలంతా నవ్వింది. "నిద్ర కాదప్పా, కండ్లు మూసుకొని ఇంటాండా" అన్నారు వెంకటరమణగారు.

జూన్ చదివాను. గోవిందప్ప సార్ చెయ్యెత్తినారు. ఆఖర్న అన్నారు. బస్సుకు పోయినారు. నవ్వు సగమైంది. జూలై చదివేటప్పుడు ఎవరూ నవ్వలేదు.

రంగనాథంగారి మొహం ఎర్రబడింది. "ఇది మినిట్సా, పోలీసు పంచనామానా?"

"జరగలేదంటే కొట్టేస్తాను సార్. ఏది జరగలేదో సెప్పండి" అన్నాను.

పుస్తకం లాక్కున్నారు. మే పేజీ కింద, జూన్ పేజీ కింద, 'సరియైనదని ధ్రువీకరించడమైనది' అన్న ముద్ర, దానికింద ఆయన సంతకమే. ఎవరికీ చెప్పినట్టు కాకుండా, తనలో తాను, "చూడకుండా పెట్టినాను" అన్నారు. ఆడిటరు నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

"గోవిందప్పా, ఏందప్పా నీ ప్రశ్న?" అని ఆయనే అడిగారు.

గోవిందప్పగారు లేచారు. సంవత్సరం చివరి రోజున మిగిలి ఉన్న సరుకును క్లోజింగ్ స్టాక్ అంటారు. దాన్ని ఆడిటరు చూసి ఒప్పుకోవాలి. "కోసి దించిన దిమ్మెలు సరుకే సార్. సగం కోసి ఇంకా కొండకే అంటుకొని ఉండాయే, అవి సరుకా, కొండా? లెక్క ముగిసినప్పట్నించి పని ఆగిండాది, ఒక్క రాయీ కదల్లేదు. బ్యాంకు అప్పుకోసం ఓనరేమో మొత్తం నలభై ఒకటీ సరుకే అంటాడు."

తలా ఒక మాట చెప్పారు. పట్టుచీరలు, టమోటా మండీలు తెలిసినవాళ్లు. క్వారీ మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. బస్సు టైమైంది, గోవిందప్పగారు మళ్లీ సంచి తీసుకున్నారు. "నువ్వు పోప్పా. వచ్చే నెల మేమే వస్తాం" అన్నారు ప్రెసిడెంటు.

అలా ఐదుగురు వచ్చి క్వారీలో తేలారు, నలుగురు మదనపల్లె సభ్యుడు హబీబుల్లాగారి కారులో, గోవిందప్పగారు ఊర్లోనే ఉన్నారు గనక నడిచి. నేను వెనక బస్సులో వచ్చాను. ఓనరు నాగరాజు కాఫీ పోయించాడు. ప్రెసిడెంటు కాఫీ పక్కన పెట్టి మేస్త్రీ మునెప్పను పిలిచారు. నాలుగు పక్కలా కోసిన ఒక రాయి చూపించి, "ఇది దిమ్మె కాదా?" అన్నారు.

"ఇంకా కాదు సామీ."

"యాల?" ఎందుకని అడిగారు ప్రెసిడెంటు.

"పైనా పక్కలా కనపడతాది. కింద మొగం యాడ కనపడతాది? పెరికి బోర్లిస్తే గదా, సీలికుందో లేదో తెలిసేది. సీలికుంటే కంకరకి పోతాది. కింద మొగం సూడందే నేను సున్నంతో నంబరెయ్యను."

అందరూ తిరిగి నంబర్లు చూశారు. ఇరవై ఆరున్నాయి.

"మేస్త్రీకేం తెలస్తాది సార్ లెక్క?" అన్నాడు నాగరాజు.

"తెలీనోని చేత నంబర్లు యాల ఏపిస్తాండావప్పా?" అన్నారు వెంకటరమణగారు.

నాగరాజు రంగనాథంగారి దగ్గరికి జరిగాడు. "పెద్దోళ్లు మీరు. గోవిందప్పకు బయం జాస్తి. ఈ ఫైలు మీరే తీసుకోండి సార్."

గోవిందప్పగారు తల దించుకున్నారు. ఆ సంఘంలో నేనెన్నోసార్లు చూశాను, ఒకరి దగ్గర జారిన ఫైలు ఇంకొకరి బీరువాలో తేలేది. దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. మా ప్రెసిడెంటు ఏమంటారో నాకూ తెలియదు.

"నేను పెట్టినా ఇరవై ఆరుకే పెడతా" అన్నారు ఆయన. "దానికి మదనపల్లెదాకా ఎందుకప్పా? నీ ఊర్లోనే మనిషి ఉండాడు."

నాగరాజు మిగిలిన ముగ్గురినీ చూశాడు. ఒక్కరూ చెయ్యి చాపలేదు. బెంగుళూరు ఆడిటర్ల దగ్గరికి పోతానన్నాడు. పోయాడు కూడా. పది రోజులకు తిరిగొచ్చాడు, అక్కడ ఏం చెప్పారో నాకు తెలియదు. గోవిందప్పగారు ఇరవై ఆరుకు సంతకం పెట్టి, మిగతా పదిహేనూ పని ముగియని రాళ్లని విడిగా రాశారు. కుప్పంలో బోర్డు ఉండిపోయింది.

తర్వాత మీటింగు వరస మార్చారు. ముందు ప్రశ్నలు, అందులోనూ ముందు దూరం నుంచి వచ్చినవాళ్లవి. ఉపన్యాసం ఆ తర్వాత, టైముంటేనే. మీటింగు మూడు ఊళ్లలోనూ వంతులవారీగా పెట్టారు. మినిట్స్ పైకి చదవకుండా సంతకం లేదు. దర్జా పోయిందని ఒకాయన రావడం మానేశారు. ఆయన్ని నేను తప్పు పట్టను, ఆయన దండలకోసమే వచ్చేవారు.

నాకు అర్థమైంది ఇది. మీటింగు ఎవరికోసమో తెలియాలంటే ఉపన్యాసం వినక్కర్లేదు. ప్రశ్నకు వరసలో ఎన్నో చోటిచ్చారో చూస్తే చాలు. ప్రశ్నను ఆఖర్న పెడితే ఆ మీటింగు హాలు దగ్గర ఇల్లున్నవాడిది.

ఆ రోజు క్వారీలో ఉన్నవాళ్లు: మదనపల్లె నుంచి రంగనాథంగారు, నల్ల కళ్లద్దాలతో సుబ్బరాయుడుగారు, కారు తోలుకొచ్చిన హబీబుల్లాగారు, పుంగనూరు వెంకటరమణగారు, కుప్పం గోవిందప్పగారు, పుస్తకంలో సంతకం పెట్టమంటే పెట్టని ఓనరు నాగరాజు, ఇది రాసిన నేను, చౌడేపల్లె చిన్నప్ప, సంతకం రాక వేలిముద్ర వేసిన మేస్త్రీ మునెప్ప.