పళ్ల వాసన కాదది

మొన్న సాయంత్రం మా కొత్తపేట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగగానే, ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ల మధ్య నుంచి మాగిన పండు లాంటి తియ్యని వాసన ముక్కుకు తగిలి, కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఒక స్కూటర్ బ్యాటరీ మీద చెయ్యి పెడితే కాలుతోంది. "ఏం కాదు మేడమ్, ఛార్జింగ్ అయితుంది, అంతే" అన్నాడు వాచ్‌మన్. పట్టుబట్టి ప్లగ్గు తీయించి, దాన్ని బయట ఖాళీ జాగాలోకి నెట్టించేదాకా నేను ఊరుకోలేదు.

ఆ వాసన నాకు ఉద్యోగంలో చేరిన తొలి రోజుల నుంచీ తెలుసు. పళ్ల మార్కెట్ ఇంకా కొత్తపేటలోనే ఉన్న కాలమది. గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటున్న నాకు, మార్కెట్ వెనక వీధిలోని చిన్న బ్యాటరీ పరిశోధనశాలలో పని దొరికింది. సిలికాన్‌ను కంటికి ఆననంత సన్నని పొడిగా చేసి లోపలి రేకు మీద పూస్తే బ్యాటరీ ఎన్నో రెట్లు కరెంటు నిలవ చేసుకుంటుందని మా సారు నమ్మకం. ఆ పొడి తయారుచేసేది నా సీనియర్, పోచంపల్లి నేత కుటుంబంలో పుట్టి చదువుకుని పైకొచ్చిన మనిషి. నేను అక్కా అని పిలిచేదాన్ని. మాస్కు లేకుండా నన్ను ఆ గదిలో అడుగు పెట్టనిచ్చేది కాదు. "గీ పొడి కానరాదు చెల్లె, లోపలికి పోతే మళ్ల బయటికి రాదు" అనేది.

ఒక వేసవి మధ్యాహ్నం, మేం తయారుచేసిన అరచేతంత బ్యాటరీ సెల్లు ఒకటి ఛార్జింగ్‌లో ఉండగా గదిలో తియ్యని వాసన కమ్ముకుంది. మార్కెట్లో మామిడి లారీలు దిగాయనుకుని నేనూ సారూ కబుర్లలోనే ఉన్నాం. అక్క ముఖం మాత్రం పాలిపోయింది. "పండ్ల వాసన కాదిది, బయటికి నడువుండ్రి" అంటూ మమ్మల్ని తలుపు దాకా తోసేసింది. వెనక్కి తిరిగి చూస్తే లోపలి ద్రావకం ఆవిరై సెల్లు పూరీలా పొంగి ఉంది; ఆ తియ్యని వాసన దానిదే. పక్కనే అంటుకునే ద్రావకాల డబ్బాలుండటంతో ఆమె మాతో రాకుండా ఆగి, పటకారుతో దాన్ని ఇసుక బకెట్‌లో వేసింది. వేస్తుండగానే అది పేలి, తెల్లటి పొగ ఆమె ముఖాన్ని కప్పేసింది.

కాలిన గాయాలు మానాయి గాని, అక్క ముక్కు మళ్లీ పనిచేయలేదు. మల్లెపూలైనా, మాడిన పాలైనా ఆమెకిప్పుడు ఒకటే. కొన్నేళ్లకు పరిశోధనశాల మూతపడింది. అల్మాస్‌గూడలో కొడుకు దగ్గరుంటున్న ఆమెకు ఫోన్ చేసి సెల్లార్ సంగతి చెబితే, ప్లగ్గు తీయించానో లేదో ముందు అడిగింది. తర్వాత మెల్లగా, "మా ఇంట్ల గూడ రెండు స్కూటర్లున్నయ్ చెల్లె, ఆ వాసనొస్తే నాకెట్ల తెలుస్తది" అంది.

ఆ ప్రమాదం తర్వాత మేం అరచేతంత సెల్లును కూడా కళ్లార్పకుండా కనిపెట్టుకుని ఉండేవాళ్లం. ఇవాళ మెట్ల కింద, మంచాల పక్కన, పిల్లల జేబుల్లో అదే శక్తిని పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాం. మా వయసువాళ్లం పోయినవాటిని ఏవేవో తలుచుకుని బాధపడుతుంటాం. నాకైతే ఆ రోజుల్లో మాకున్న భయం ఇప్పుడు ఎవరికీ లేదే అని దిగులుగా ఉంది.